కోడి ఈకల పొడి: పరీక్షలో 84 శాతం మాంసకృత్తు వచ్చినా చేప ఎందుకు పెరగలేదు?

కొల్లేటిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. మాది ఏలూరు జిల్లా కైకలూరు ప్రాంతం. ఆరెకరాల చెరువులో శీలావతి, బొచ్చె పెంచుతున్నాము. మా తమ్ముడికి పట్టణంలో కోడిమాంసం దుకాణం ఉంది. అతనికి పరిచయమున్న మరికొన్ని దుకాణాలతో కలిపి రోజుకు సుమారు 600 కిలోల తడి ఈకలు పోగవుతాయి. ఇంతకాలం వాటిని ఒక వ్యక్తి బండిలో తీసుకుపోయేవారు. అవి చివరకు కాలువ గట్టు మీద పడుతున్నాయని తెలిసినప్పటి నుండి ఆ పద్ధతి మాన్పించాలని ప్రయత్నిస్తున్నాము. కోడి వ్యర్థాలను పచ్చిగా చెరువుల్లో వేయడంపై నిషేధం ఉన్న సంగతి మనందరికీ తెలిసినదే కాబట్టి ఆ దారి జోలికి మేము వెళ్లలేదు.

ఈకలో అత్యధిక భాగం మాంసకృత్తేనని విని ఒక ప్రయత్నం చేశాము. 200 లీటర్ల డ్రమ్ములో ఈకలను మూడు గంటలు మరిగించి, ఎండబెట్టి, హామర్ మిల్లులో పొడి చేయించి, ఒక నమూనాను పరీక్షకు పంపాము. ముడి ప్రోటీన్ 84 శాతమని నివేదిక వచ్చింది. వేరుశనగ చెక్కలో దానికి సగమే ఉంటుంది కదా అన్న ఉత్సాహంతో, చిన్న చెరువు ఒకటి వేరు చేసి, తవుడు, చెక్క కలిపిన మేతలో చెక్కను కొంత తగ్గించి పదవ వంతు ఈ పొడిని చేర్చి, ఎప్పటిలాగే రంధ్రాల సంచుల్లో నింపి తాళ్లకు కట్టాము. 70 రోజుల తరువాత వల వేసి చూస్తే, పాత మేత తిన్న చేపల కంటే ఇవి స్పష్టంగా చిన్నవిగా ఉన్నాయి. ఒక చేపను కోసి ప్రేగును చీల్చి చూశాము. ఈక పొడి ఎలా పోశామో అలాగే, బూడిద రంగు పీచులుగా, తోక వైపు చివరి వరకూ కనిపించింది.

పరీక్ష నివేదిక తప్పా, మా పద్ధతి తప్పా? ఈకలోని మాంసకృత్తును నిజంగా ఉపయోగపడే రూపంలోకి తేవాలంటే మా స్థాయిలో ఏం చేయగలము? అనుభవం ఉన్నవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

ఆవిరికుక్కర్:

నమస్కారం కొల్లేటిగట్టు గారూ. కోడి వ్యర్థాలను ఉడికించి పొడి, నూనె తీసే రెండరింగ్ కర్మాగారంలో పదకొండేళ్లుగా కుక్కర్ విభాగం చూస్తున్నాను. మీ నివేదిక తప్పు కాదు. అయితే అది మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం కూడా కాదు.

ముడి ప్రోటీన్ పరీక్ష మాంసకృత్తును నేరుగా కొలవదు. కెల్డాల్ పద్ధతిలో నమూనాలోని నత్రజనిని కొలిచి, దానిని 6.25తో గుణిస్తారు. ఆ నత్రజని ఏ రూపంలో ఉంది, జీర్ణమవుతుందా లేదా అనేది ఆ పరీక్ష చూడదు. యూరియాను ఇదే పరీక్షకు పంపితే, దానిలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి, ముడి ప్రోటీన్ 287 శాతమని లెక్క తేలుతుంది. తల వెంట్రుకలు పంపినా, తోలు ముక్కలు పంపినా పెద్ద సంఖ్యే వస్తుంది. కాబట్టి ఈకల విషయంలో ఆ అంకెను చూసి ధర కట్టకూడదు, మేత కలపకూడదు.

ఇక ఈక సంగతి. ఈకలోని మాంసకృత్తు పేరు కెరాటిన్. పక్షిని ఎండ నుండి, వాన నుండి, సూక్ష్మజీవుల నుండి కాపాడటానికి ఏర్పడిన పదార్థం అది, సులభంగా కరిగిపోయేదైతే పక్షికి ఉపయోగమే లేదు. దాని పోగులు ఒకదానిపై ఒకటి పలకల్లా బిగుసుకుని ఉంటాయి, పోగుకూ పోగుకూ మధ్య సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని (మాంసకృత్తు కట్టడంలో ఇటుకల వంటివి అమైనో ఆమ్లాలు) గంధకం జంటలుగా ముడిపడి వంతెనలు వేస్తుంది. జీర్ణరసాలు ఆ ముడుల లోపలికి చొరబడలేవు. మామూలుగా మరిగే నీటి వేడి, అంటే 100 డిగ్రీలు, ఆ ముడులను విప్పడానికి చాలదు. మీరు మూడు గంటలు కాదు, పగలంతా మరిగించినా ఈక శుభ్రపడుతుంది, మెత్తబడినట్టు కనిపిస్తుంది, కానీ దాని కట్టు పెద్దగా సడలదు. హామర్ మిల్లు చేసింది ఆ కట్టును చిన్న ముక్కలు చేయడమే. చేప ప్రేగులో మీరు చూసిన పీచులు అవే.

కర్మాగారంలో ఈకలను మూసిన కుక్కర్‌లో ఒత్తిడి గల ఆవిరితో ఉడికిస్తాము. ఒత్తిడి గడియారం చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు చూపినప్పుడు లోపల సుమారు 133 డిగ్రీలు, 3 కిలోలు చూపినప్పుడు సుమారు 143 డిగ్రీల వేడి ఉంటుంది. ఆ స్థితిలో, తెడ్లు తిరుగుతూ ఉండగా, కుక్కర్ పరిమాణాన్ని, ఈకల చెమ్మను బట్టి 30 నుండి 60 నిమిషాలు ఉంచుతాము. తరువాత ఒత్తిడిని నెమ్మదిగా వదిలి, ఆరబెట్టి, చివరకు మిల్లులో వేస్తాము. అంటే మిల్లు చివరి పని మాత్రమే. బాగా ఉడికిన ఈకను ఆరబెట్టాక వేళ్ల మధ్య నలిపితే, కాడతో సహా పొడి అయిపోవాలి. నలిపినప్పుడు కాడ వంగి మళ్లీ లేచిందంటే అది ఉడకలేదు. పరీక్షశాల నివేదిక రాక ముందే మేము ప్రతి విడతలోనూ చూసుకునేది ఇదే.

ఎక్కువ ఉడికితే మంచిదని కూడా అనుకోకండి. వేడి, సమయం హద్దు దాటితే సిస్టీన్ నశిస్తుంది, దానిలో కొంత లాంథియోనీన్ అనే వేరే పదార్థంగా మారిపోతుంది, పొడి రంగు ముదురుతుంది, మాడిన వాసన వస్తుంది. తక్కువ ఉడికిన పొడి జీర్ణం కాదు, మాడిన పొడిలో పోషణ ఉండదు. రెండింటికీ ముడి ప్రోటీన్ అంకె మాత్రం దాదాపు ఒకటే వస్తుంది.

ఒక హెచ్చరిక తప్పక చెప్పాలి. ఇది చదివి డ్రమ్ముకు మూత వెల్డింగ్ చేయించి ఒత్తిడి పెట్టే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఇంటి ప్రెషర్ కుక్కర్‌లో కూడా వద్దు. ఈక నూగు ఆవిరి పోయే రంధ్రానికి, సేఫ్టీ వాల్వుకు అడ్డుపడుతుంది. ఒత్తిడి పాత్ర అనుమతి పొందిన తయారీదారు చేసినదే అయి ఉండాలి, దానిని నడిపే మనిషికి ఆ పని తెలిసి ఉండాలి.

ఖర్చు లెక్క కూడా ముందే వేసుకోండి. మీ 600 కిలోల తడి ఈకల్లో 70 శాతం నీరే అనుకుంటే, చివరకు చేతికి వచ్చేది 8 శాతం చెమ్మ ఉన్న 195 కిలోల పొడి. అంటే రోజూ 400 కిలోలకు పైగా నీటిని ఆవిరి చేయాలి. బాయిలర్, డ్రయ్యర్ కలిపి వేడిలో సగమే పనికి వస్తుందనుకుంటే, దానికి దాదాపు 170 కిలోల ఊక కాలుతుంది. అదే ఈకలను ముందుగా స్క్రూ ప్రెస్‌లో పిండి చెమ్మను 55 శాతానికి దించగలిగితే, ఆవిరి చేయవలసిన నీరు సగానికి తగ్గుతుంది. ఈ వృత్తిలో లాభనష్టాలు చాలా వరకు నీటి దగ్గరే తేలుతాయి.

మేతలెక్క:

మేత కూర్పు పని చేస్తున్నవాడిగా రెండు విషయాలు చేర్చాలనుకుంటున్నాను.

ఆవిరికుక్కర్ గారు చెప్పినట్టు ఉడికించిన పొడి తెచ్చుకున్నారనే అనుకుందాం. కొనుగోలుదారులు దానిని పెప్సిన్ అరుగుదల పరీక్షతో చూస్తారు. పెప్సిన్ అంటే జీర్ణాశయంలో మాంసకృత్తును అరిగించే జీర్ణరసం. ముడి ప్రోటీన్‌లో కనీసం 75 శాతం పెప్సిన్‌తో అరగాలన్నది అమెరికా మేత ప్రమాణాల్లో ఉన్న హద్దు, మన దగ్గర కూడా వ్యాపారంలో ఎక్కువమంది ఆ సంఖ్యనే అడుగుతారు. అయితే పరీక్షలో ఎంత గాఢత గల పెప్సిన్ వాడారో తప్పక అడగండి. 0.2 శాతం ద్రావణంతో చేస్తే ఓ మాదిరి పొడి కూడా గట్టెక్కుతుంది. 0.002 శాతంతో చేసినప్పుడే మంచి పొడికీ నాసిరకానికీ ఉన్న తేడా బయటపడుతుంది.

ఇక్కడ మీ చేపల గురించి ఒక ముఖ్యమైన మాట ఉంది. శీలావతికి, బొచ్చెకు అసలు జీర్ణాశయమే ఉండదు. కార్పు జాతి చేపల్లో ఆహారం నేరుగా ప్రేగులోకి వెళుతుంది, ఆమ్లమూ పెప్సినూ అక్కడ ఉండవు. జీర్ణాశయం ఉన్న కోడి, పంగాసియస్ చేప వంటివే ముడి ఈకను అరిగించుకోలేవు, అటువంటప్పుడు మీ శీలావతి దానిని అలాగే బయటికి పంపడంలో ఆశ్చర్యం లేదు. ఈ కారణం చేతనే, పెప్సిన్ పరీక్షలో నెగ్గిన పొడిని కూడా కార్పు మేతలో మొదట తక్కువ మోతాదులో వాడి, బరువు చూసుకుని పెంచమని సలహా ఇస్తాను. మొత్తం మేతలో మూడు శాతంతో ప్రారంభించడం మేలు. మీరు వాడిన పది శాతం చాలా ఎక్కువ.

రెండవ విషయం అమైనో ఆమ్లాల సమతూకం. ఈక పొడిలో సిస్టీన్, సెరీన్, ప్రోలీన్, గ్లైసీన్, వాలీన్ పుష్కలంగా ఉంటాయి. పెరుగుదలకు మొదట కావలసిన లైసీన్ మాత్రం పొడిలో రెండు శాతం దగ్గరే ఉంటుంది. మిథియోనీన్, హిస్టిడీన్, ట్రిప్టోఫాన్ కూడా తక్కువే. చేప పొడిలో లైసీన్ దానికి రెట్టింపు కంటే ఎక్కువ. అందువల్ల చేప పొడిని తీసివేసి ఈక పొడిని అంతే తూకంలో పోస్తే, మాంసకృత్తు లెక్క సరిపోయినా చేప పెరగదు.

మీ తమ్ముడి దుకాణంలో ఈకలతో పాటే పుట్టి మురుగుకాలువలో కలిసిపోతున్న రక్తాన్ని గమనించండి. ఆరబెట్టిన రక్తపు పొడిలో లైసీన్ ఎనిమిది శాతం దాకా ఉంటుంది, హిస్టిడీన్ కూడా ఎక్కువే. దానిలో లోపించేది ఐసోల్యూసీన్, అది ఈక పొడిలో తగినంత ఉంటుంది. ఒకే కోడి నుండి వచ్చే ఈ రెండు వ్యర్థాలు ఒకదాని లోటును మరొకటి పూడ్చుకుంటాయి. ఈకలను సేకరించేవారు రక్తాన్ని వదిలేయడం చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

కోనసీమతోట:

మేత ఒక్కటే దారి కాదని చెప్పడానికి వ్రాస్తున్నాను. ఉడికించిన ఈక పొడిలో 12 నుండి 15 శాతం నత్రజని ఉంటుంది. యూరియాలోని 46 శాతంతో పోలిస్తే అది తక్కువే అయినా, నేలలోని సూక్ష్మజీవులు విడగొట్టే కొద్దీ వారాల తరబడి కొంచెం కొంచెంగా అందుతుంది కాబట్టి ఒక్క వానకే కొట్టుకుపోదు. మేతకు పనికిరాని విడతలను, అంటే తక్కువ ఉడికినవీ మాడినవీ, ఎరువుగా అమ్ముకోవచ్చు. పొడి చేసే స్తోమత లేకపోతే పచ్చి ఈకలను కంపోస్టు కూడా చేయవచ్చు. కానీ ఈకలో కర్బనంతో పోలిస్తే నత్రజని విపరీతంగా ఉంటుంది. వరిగడ్డి గాని కొబ్బరి పొట్టు గాని అనేక రెట్లు కలపకపోతే ఆ నత్రజని అంతా అమ్మోనియాగా గాలిలో కలిసిపోయి, చుట్టుపక్కల ఇళ్లవారు ముక్కు మూసుకోవలసి వస్తుంది.

కొల్లేటిగట్టు:

ఇంత ఓపికగా వివరించినందుకు ఆవిరికుక్కర్ గారికి, మేతలెక్క గారికి, కోనసీమతోట గారికి కృతజ్ఞతలు. శీలావతికి జీర్ణాశయం ఉండదన్న సంగతి, ఇన్నేళ్లుగా ఆ చేపనే పెంచుతున్న నాకు తెలియకపోవడం బాధగా ఉంది.

ఒక సందేహం మిగిలింది. మా దగ్గర అందరూ స్కిన్‌లెస్ అడుగుతారు. కాబట్టి సగానికి పైగా దుకాణాల్లో కోడిని వేడినీటిలో ముంచి మిషన్‌లో ఈకలు పీకరు. తోలును ఈకలతో సహా ఒక్కసారిగా ఒలిచి బుట్టలో పడేస్తారు. మా 600 కిలోల్లో ఆ తోలు కూడా కలిసే ఉంది. అది కూడా మాంసకృత్తే కాబట్టి ఇబ్బంది లేదనుకోవచ్చా?

ఆవిరికుక్కర్:

ఇబ్బంది ఉంది, అది మొదటే అడిగి ఉండవలసింది నేను. ఈకలో కొవ్వు ఒకటి రెండు శాతానికి మించదు, కోడి తోలులో చాలా ఎక్కువ. రెండూ కలిపి ఉడికిస్తే ఆ కొవ్వు పొడికి పట్టుకుని అది ముద్ద కడుతుంది, మిల్లు జల్లెడ మూసుకుపోతుంది, గోదాములో పదిహేను రోజులకే ముక్కిపోయిన వాసన వేస్తుంది. పైగా తోలుకు ఈకంత వేడి అవసరం లేదు. మా దగ్గర మిషన్‌లో పీకిన ఈకలు ఒక కుక్కర్‌కు, ఒలిచిన తోలూ ప్రేగులూ తలలూ మరో కుక్కర్‌కు వెళతాయి. రెండవ దానిని ప్రెస్‌లో పిండి కోడినూనె విడిగా తీస్తారు, దానికి వేరే గిరాకీ ఉంది. కాబట్టి దుకాణాల దగ్గరే రెండు డ్రమ్ములు పెట్టించండి. కలిసిపోయిన తరువాత విడదీయడం మనిషి చేయగలిగిన పని కాదు.

మరో రెండు మాటలు. ఎండాకాలంలో ఉదయం పీకిన తడి ఈకలు సాయంత్రానికే వేడెక్కి కుళ్లడం మొదలవుతుంది, ఆ కుళ్లిన సరకును ఎంత ఉడికించినా మంచి పొడి రాదు. గంధకపు వాయువు కూడా వెలువడుతుంది కాబట్టి మూసిన గదిలో రాశి పోయకండి. రెండవది, దుకాణంలో కోసిన కోడి ఈకలే తీసుకోండి. ఫారాల్లో చచ్చిన కోళ్లను ఎవరు ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మేము బయటి సరకు మొత్తం ఆపివేశాము. ఉడికించే వేడికి ఆ వైరస్ చస్తుంది, కానీ అక్కడి వరకు తెచ్చిన బండి, డ్రమ్ము, మనిషి చెప్పులు ఉడకవు కదా. అదే కారణంతో పచ్చి సరకు దిగే వైపు వాడిన పారను, చీపురును పొడి వైపు ఎప్పుడూ తీసుకుపోకూడదు. ఉడికిన పొడిలో సాల్మొనెల్లా అనే హానికర బాక్టీరియా మళ్లీ కనిపించిందంటే అది చాలాసార్లు అలా చేరినదే.

సూక్ష్మదృష్టి:

నేను సూక్ష్మజీవశాస్త్రం చదివి ఎంజైముల తయారీలో పని చేస్తున్నాను. ఆవిరి ఒక్కటే మార్గం కాదని తెలియడానికి ఇది.

అమెరికాలోని నార్త్ కరొలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో జేసన్ షీ బృందం, కోళ్ల వ్యర్థాలతో నడిచే బయోగ్యాస్ తొట్టిలో వేసిన ఈకలు మాయమవుతున్నాయని గమనించి, ఆ తొట్టి నుండే బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బాక్టీరియాను వేరు చేసి 1990లో ప్రకటించింది. అది విడుదల చేసే కెరటినేజ్ అనే ఎంజైము ఈకను 50 డిగ్రీల లోపు వేడిలోనే కరిగిస్తుంది. అంత తక్కువ వేడిలో జరుగుతుంది కాబట్టి అమైనో ఆమ్లాలు మాడిపోవు. అయితే ఆవిరితో గంటలో ముగిసే పనికి బాక్టీరియాకు రోజులు పడుతుంది, తొట్టి నిండా నీరు కావాలి, చివరకు ఆ నీటిని మళ్లీ ఆరబెట్టాలి. ఆవిరికుక్కర్ గారు చెప్పిన నీటి లెక్క ఇక్కడ ఇంకా బరువెక్కుతుంది.

మన దేశంలో ముంబైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో ఆచార్య ఎ.బి. పండిట్ బృందం వెంట్రుకలు, ఉన్ని, ఈకలను ముందుగా ఆక్సీకరణతో వదులు చేసి, తరువాత నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగిలేలా చేసే పద్ధతితో విడగొట్టి, ఎరువుగా, పశుదాణాగా మార్చే ప్రక్రియను రూపొందించింది. అధిక ఒత్తిడి పాత్రలు లేకుండా చేయాలన్నది దాని ఉద్దేశం.

సోడియం హైడ్రాక్సైడ్‌లో ఈకలు కరిగించే వీడియోలను చూసి మాత్రం మేత తయారీకి దిగకండి. క్షారం ఈకను వేగంగా కరిగిస్తుంది, కానీ సిస్టీన్‌ను పాడు చేస్తుంది, ఉన్న కొద్దిపాటి లైసీన్‌లో కొంత భాగాన్ని శరీరానికి అందని లైసినోఅలనీన్‌గా మారుస్తుంది. తటస్థపరిచాక మేత నిండా ఉప్పు మిగులుతుంది. ద్రవ ఎరువు కోసమైతే సోడియం బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ వాడవచ్చు. అందులోని పొటాషియం మొక్కకు ఆహారంగానే పనికివస్తుంది.

కొల్లేటిగట్టు:

ఆలస్యంగా వ్రాస్తున్నందుకు క్షమించండి. మీ మాటలు చదివిన తరువాత, మాకు తెలిసిన ఒక అధ్యాపకుల సహాయంతో కళాశాల ప్రయోగశాలలోని ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి ఆవిరితో వేడిచేసే పాత్రలో, చిన్న పరీక్ష చేయించాము. అందులో 121 డిగ్రీలకు మించి వేడి రాదు కాబట్టి సమయం పెంచాము. మిషన్‌లో పీకిన ఈకలను మాత్రమే కడిగి, పిండి, గుడ్డ సంచుల్లో కట్టి, ఒక సంచిని అరగంట, మరొక దానిని గంట, మూడవ దానిని రెండు గంటలు ఉంచి, ఆరబెట్టాము. అరగంట ఈక ఈకలాగే ఉంది, కాడ వంచితే తిరిగి లేచింది. గంట సంచిలో నూగు నలిగింది కానీ కాడ నలగలేదు. రెండు గంటల సంచిలోని రెక్క ఈకను మా తమ్ముడు బొటనవేలితో నొక్కితే అప్పడంలా విరిగి, గోధుమరంగు పొడి అతని అరచేతికి అంటుకుంది. ఆ మూడు నమూనాలతో పాటు పాత డ్రమ్ము పొడిని కూడా 0.002 శాతం పెప్సిన్ పరీక్షకు పంపాము.

సొంతంగా కుక్కర్ పెట్టే ఆలోచన ప్రస్తుతానికి విరమించుకున్నాము. రోజుకు 195 కిలోల పొడి కోసం బాయిలర్, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, నడిపే మనిషి అంటే మా శక్తికి మించినది. దుకాణాల వద్ద ఈకలకు ఒక డ్రమ్ము, ఒలిచిన తోలుకు ఒక డ్రమ్ము పెట్టించి, మధ్యాహ్నం రెండు గంటల లోపు సేకరించి, స్క్రూ ప్రెస్‌లో పిండి, రెండరింగ్ కర్మాగారానికి అదే రోజు చేర్చే పని మొదలుపెడుతున్నాము. పిండిన ఈకలకు తడి ఈకల కంటే ఎంత ఎక్కువ ధర అడగడం న్యాయమో, మోసే నీటి తూకం ఎంత తగ్గుతుందో ఆవిరికుక్కర్ గారు లెక్క కట్టి చెప్పగలిగితే, ఈ వారంలోనే ఆ కర్మాగారం వారితో మాట్లాడతాము.

ఆవిరికుక్కర్:

తప్పకుండా. 70 శాతం చెమ్మ ఉన్న 600 కిలోలను 55 శాతానికి పిండితే మీరు బండి ఎక్కించేది 400 కిలోలు, కానీ అందులో ఉన్న పొడి పదార్థం అదే 180 కిలోలు. కాబట్టి తడి ఈకలకు కిలోకు ఇచ్చే ధరకు ఒకటిన్నర రెట్లు అడిగితే మీకు పాత మొత్తమే వస్తుంది. దానిపైన వారికి మిగిలే ఊకలో మీ వాటాగా మరికొంత కలపండి. ధరను తూకం మీద కాకుండా చెమ్మ శాతం మీద వ్రాయించుకోండి, ప్రతి బండిలో గుప్పెడు ఈకలు తూచి ఆరబెట్టి మళ్లీ తూచే హక్కు ఇద్దరికీ ఉండేలా చూసుకోండి. పిండిన నీటిని మాత్రం కాలువలోకి వదలకండి. అందులో రక్తం, కొవ్వు ఉంటాయి, దానికి వేరే తొట్టి కావాలి.